గుమ్మం మీద కట్టిన కలబంద మట్టి లేకుండానే పూసింది. శుభమా, కాదా? రసం తాగొచ్చా?

నీలవేణి

అందరికీ నమస్కారం. కొత్త ఇంట్లోకి మారినప్పుడు మా అత్తయ్య ఒక కలబంద మొక్కను వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి, తలకిందులుగా గుమ్మం పైన తాడుతో కట్టారు. ఎండాకాలమంతా అది అలాగే వేలాడింది. కింది ఆకులు కొన్ని ముడుచుకుపోయి గోధుమ రంగుకు తిరిగాయి గానీ మధ్యలో ఆకులు పచ్చగానే ఉన్నాయి. మొన్న చూస్తే నడుమ నుంచి ఒక కాడ వచ్చింది. కిందికి దిగకుండా వంకీ తిరిగి పైకి లేచింది. దాని చివర పసుపు రంగు మొగ్గలు.

ఇది శుభమని అత్తయ్య మురిసిపోతున్నారు. కానీ చూడటానికి వచ్చిన మా బంధువు ఒకాయన "సమాధుల దగ్గర నాటే మొక్కని గుమ్మానికి కట్టారేమిటమ్మా" అనేసి వెళ్ళారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

ఇంకో సంగతి. మా ఆడపడుచు రోజూ పరగడుపున ఒక ఆకు కోసి, ముళ్ళు గీకేసి, తొక్కతో సహా మిక్సీలో వేసి తాగుతోంది. వేల ఏళ్ళ నుంచి తాగుతున్నారట. కడుపులో మెలిపెడుతోందని తనే చెబుతుంది, "లోపలి చెత్తంతా పోతోంది వదినా" అని తనే సర్దిచెబుతుంది. ఇప్పుడు నన్నూ తాగమంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

కుండీలరాయుడు

శుభమే, అనుమానం అక్కర్లేదు. కలబంద రాత్రిపూట కూడా ఆక్సిజన్ వదులుతుంది, అందుకే ఇంట్లో పెట్టుకోమన్నారు పెద్దలు. నా పడగ్గది కిటికీలో వరసగా కుండీలు పెట్టాను. రసం సంగతి నాకు తెలీదు, చేదు నా వల్ల కాదు.

పిలకల మాస్టారు

అమ్మా నీలవేణీ, మీ అత్తగారూ సరిగ్గానే చెప్పారు, ఆ వచ్చిన పెద్దాయనా సరిగ్గానే చెప్పాడు. కాకపోతే ఆయన సగం చెప్పి వెళ్ళిపోయాడు.

1830లలో కైరోలో చాలాకాలం ఉన్న ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు అక్కడి జనం అలవాట్లన్నీ ఓపిగ్గా రాసిపెట్టాడు. కొత్త ఇంటికి, కొత్తగా పెట్టిన తలుపుకు పైన కలబంద మొక్క వేలాడదీయడం అక్కడ మామూలే అన్నాడు. ఇంట్లోవాళ్ళు నిండు నూరేళ్ళూ చల్లగా ఉంటారని వాళ్ళ నమ్మకం. ఆ మొక్క మట్టీ నీళ్ళూ లేకుండా ఏళ్ళ తరబడి బతుకుతుందనీ, పూస్తుంది కూడాననీ రాశాడు. అంటే మీ గుమ్మం మీద జరిగిందే.

ఆయన కన్నా ముందు, 1814లో మక్కా చేరిన బుర్క్‌హార్ట్ అనే స్విస్ యాత్రికుడు అక్కడి శ్మశానంలో సమాధుల మీద కలబంద నాటి ఉండటం చూశాడు. నీళ్ళు దాదాపు అక్కర్లేని మొక్క, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. పునరుత్థానం (చనిపోయినవాళ్ళు తిరిగి లేచే రోజు) దాకా ఓర్పుతో ఎదురుచూడాలన్న భావంతో నాటుతారని రాశాడు. అరబ్బీలో ఈ మొక్కకూ ఓర్పుకూ ఒకటే పేరు. కాబట్టి గుమ్మం మీదైనా, సమాధి మీదైనా కట్టింది, నాటింది ఒక్క గుణం చూసే. ఏమీ ఇవ్వకపోయినా చావదు, అంతే. ఆ గుణాన్ని బతికున్నవాళ్ళ కోసం వాడితే దీర్ఘాయువు, పోయినవాళ్ళ కోసం వాడితే ఓర్పు. ఇందులో అశుభం ఎక్కడినుంచి వచ్చిందో నాకైతే అర్థం కాదు.

దుఃఖం అనే అర్థం కూడా ఒకటి ఉంది, దాచను. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో పువ్వుకొక అర్థం చెప్పే చిన్న పుస్తకాలు తెగ వచ్చాయి. వాటిలో కలబందకు శోకం, చేదు అనుభవం అని రాశారు. అది మొక్క ఓర్పును చూసి రాసింది కాదు, దాని సొన రుచి చూసి రాసింది. ఈ సొన దగ్గరే మీ ఆడపడుచు కథ కూడా ఉంది. దానికి వస్తాను, ముందు రాయుడు గారి ఆక్సిజన్ సంగతి తేల్చాలి.

మామూలు మొక్కలు పగలు ఆకుల మీద ఉండే సన్నటి రంధ్రాలు తెరిచి గాలి లోపలికి తీసుకుంటాయి. తెరిచినప్పుడల్లా లోపలి నీరు ఆవిరై పోతుంది. కలబంద ఎడారి అంచుల మొక్క, అంత దుబారా చెయ్యలేదు. పగలు రంధ్రాలు మూసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్ పట్టి, మాలిక్ ఆసిడ్‌గా మార్చి ఆకుల్లో దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసుకుని, దాచుకున్నదాన్ని ఎండ సాయంతో ఆహారంగా మార్చుకుంటుంది. రాత్రి అది కార్బన్ డయాక్సైడ్ తీసుకోవడం నిజం. కానీ ఆక్సిజన్ తయారవ్వాలంటే వెలుతురు ఉండాలి కదా రాయుడు గారూ! మీ కుండీలు అక్కడే ఉంచుకోండి, అందంగా ఉంటాయి. గాలి కోసం మాత్రం కిటికీ తెరవండి.

నీలవేణమ్మా, మీ మొక్క బతకడం వెనుక ఉన్నది ఈ రాత్రి బేరమే. దానికి తోడు ఆకుమీద మైనపు పొర, లోపల నీటి నిల్వ. ముడుచుకుపోయాయన్న కింది ఆకులు ఎండకు మాడినవి కావు, వాటిలోని నీటిని నడిమి మొగ్గ తాగేసింది. ఇక కాడ వంకీ తిరగడంలో మహిమ లేదు. మొక్క పైకీ కిందికీ తేడాను భూమి ఆకర్షణను బట్టి కనిపెడుతుంది. మనం తలకిందులుగా కట్టినా పైకే పోతుంది.

ఇప్పుడు సొన. కలబంద ఆకును అడ్డంగా కోసి చూడండి. తొక్క కిందనే పసుపు రంగు సొన కారుతుంది. నడుమ రంగులేని గుజ్జు. (సీసాల్లో అమ్మే ఆకుపచ్చ జెల్ రంగు కంపెనీవాళ్ళ అభిరుచి, ఆకుకు సంబంధం లేదు.) గుజ్జులో దాదాపు అంతా నీరే, కొద్దిగా జిగురు చక్కెరలు. సొనలో అలోయిన్ అనే పదార్థం ఉంటుంది. భరించలేని చేదు, గట్టి విరేచనకారి. ఒకే ఆకులో పక్కపక్కనే ఉన్నా ఈ రెండూ వేరు వేరు సరుకులు.

అసలు విషయం ఏమిటంటే, పాతకాలం వైద్యులు కలబంద అన్నప్పుడు చాలావరకు వాళ్ళ మనసులో ఉన్నది గుజ్జు కాదు, ఈ సొన. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ వర్ణించింది గడ్డకట్టిన చేదు రసాన్ని. కడుపు కడగడానికి ఇమ్మన్నాడు, గాయాల మీద పొడిగా చల్లమన్నాడు. ఓడలెక్కి దేశాలు తిరిగింది కూడా అదే. ఆకులు కోసి ఓడలో పెడితే కుళ్ళిపోతాయి. సొనను కాచి గట్టిపరిస్తే నల్లటి గాజు పెచ్చుల్లా అయి ఎంతకాలమైనా నిలుస్తుంది. మన మందుల కొట్లలో మూసాంబరం అంటారే, అదే. పాలు మాన్పించడానికి తల్లులు రొమ్ముకు రాసుకున్నదీ, వేళ్ళు చీకే పిల్లల వేళ్ళకు రాసిందీ ఆ చేదే. మూసాంబరం దక్షిణాఫ్రికాలో ఇప్పటికీ చేస్తారు. నేలలో గుంట చేసి, అందులో ప్లాస్టిక్ పట్టా పరిచి, కోసిన ఆకుల్ని కోతవైపు లోపలికి ఉండేలా చుట్టూ గుండ్రంగా పేరుస్తారు. కొన్ని గంటల్లో సొనంతా గుంటలోకి దిగుతుంది. దాన్ని కాచుతారు.

పైగా ఆ ఆకులు మన కుండీలోవి కూడా కావు. అక్కడిది అలో ఫెరాక్స్, మనిషెత్తు పెరిగే మొక్క, ఎర్రటి పూల కంకులు. అరేబియా సముద్రంలోని సొకోట్రా దీవి నుంచి శతాబ్దాల పాటు వచ్చిన పేరున్న సరుకు ఇంకో జాతిది, అలో పెర్రియి. దాని కోసమే అలెగ్జాండర్ ఆ దీవిని పట్టుకున్నాడని అరబ్ రచయితలు కథ చెప్పేవారు. కథ బాగుంటుంది, కథగానే ఉంచుకుందాం. క్లియోపాత్రా ముఖానికి రాసుకుందన్నది ప్రతి సీసా మీదా ఉంటుంది. ఆధారం చూపించిన సీసా ఇంతవరకు నా కంటపడలేదు.

మొత్తం కలబందల్లో 500కు పైగా జాతులున్నాయి. ఇంటింటా ఉన్న అలో వెరా సొంత ఊరు అరేబియా ద్వీపకల్పం. మరి ఇన్నింట్లో ఇదొక్కటే లోకమంతా ఎలా పాకింది? 2015లో కొందరు పరిశోధకులు కలబందల వంశవృక్షం గీసి చూశారు. బాగా గుజ్జున్న ఆకుల జాతులనే జనం మందుకు ఎక్కువ వాడారని తేలింది. అలో వెరాకు పేరు రావడానికి అది వర్తక మార్గాల పక్కనే పుట్టడం ఒక కారణం కావచ్చన్నారు. నాకు అది సబబుగానే అనిపిస్తుంది. పైగా ఈ మొక్కకు సొంత పుప్పొడితో విత్తనం కట్టదు, పిలకలే ఆధారం. ఎవరో ఒకరు చేత్తో తీసుకెళ్ళాలి. ఓడ సరంగు దగ్గర్నుంచి మీ అత్తగారి దాకా అదే పని చేశారు.

గుజ్జు చర్మానికి రాయడం పాతదే అయినా, దానికి ఇంత పేరు ఈ మధ్య వచ్చింది. 1935లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు ఎక్స్‌రేల వల్ల మాడిన చర్మానికి తాజా ఆకు వేసి నయమైందని ప్రచురించారు. ఈనాటి జెల్ వ్యాపారానికి ఊపు అక్కడ మొదలైంది. కాబట్టి "వేల ఏళ్ళ సంప్రదాయం" అని మీ ఆడపడుచు అంటే, నిజమే, కానీ ఆ వేల ఏళ్ళూ అది ఎక్కువగా విరేచనాల మందు. వైద్యుడు తూకం వేసి, అవసరమైన రోజున ఇచ్చిన మందు. రోజూ పొద్దున్నే గ్లాసుడు తాగమని డయాస్కోరిడీస్ కూడా చెప్పలేదు.

మందుగా దాని మంచిచెడ్డలు నాకన్నా ఇక్కడ 'రాత్రి డ్యూటీ' పేరుతో రాసే నర్సు గారికి బాగా తెలుసు. ఆవిడ వస్తే వినండి.

రాత్రి డ్యూటీ

మాస్టారు పిలిచారు కాబట్టి వచ్చాను. నర్సుని, డాక్టర్ని కాదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

నీలవేణి గారూ, మీ ఆడపడుచుకు మెలిపెడుతున్నది చెత్త పోవడం వల్ల కాదు. తొక్కతో రుబ్బితే సొన మొత్తం గ్లాసులోకి వస్తుంది. అలోయిన్ పెద్దపేగు దాకా వెళ్ళాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని విడగొడుతుంది. అలా పుట్టిన పదార్థం పేగును రేపుతుంది, నీటిని పీల్చుకోనివ్వదు. తాగిన 6 నుంచి 12 గంటల్లో పని చేస్తుంది. ఒకసారికి సరే. రోజూ అయితే శరీరంలో పొటాషియం పడిపోతుంది. నీరసం, కండరాలు పట్టేయడం, గుండె కొట్టుకోవడంలో తేడా. గుండెకు డిగాక్సిన్, బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వాడేవాళ్ళకు ఇది ఇంకా ప్రమాదం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముట్టుకోకూడదు.

అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో డాక్టర్ చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల్లోంచి కలబందను తీసేయించింది. భద్రత మీద వివరాలు ఇవ్వమంటే తయారీదార్లు ఇవ్వలేదు. సొన తియ్యకుండా ఆకు మొత్తం రుబ్బిన సారాన్ని రెండేళ్ళ పాటు ఎలుకలకు నీళ్ళలో కలిపి ఇస్తే పెద్దపేగులో కణితులు వచ్చాయి. అది చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2బి జాబితాలో పెట్టింది. అంటే మనుషుల్లో రుజువైందని కాదు, అవకాశం లేదనలేమని. ఇది సొనతో కలిపి రుబ్బినదాని గురించి మాత్రమే. శుద్ధి చేసిన గుజ్జు మీద ఆ మాట లేదు.

చర్మానికైతే నేనే వాడతాను. కాలితే ముందు 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టండి, ఇది మాత్రం ఎగ్గొట్టొద్దు. తర్వాత ఎర్రగా కందినంత వరకే అయితే గుజ్జు రాయొచ్చు. హాయిగా ఉంటుంది, చిన్న కాలిన గాయాలు కాస్త తొందరగా మానతాయనడానికి కొన్ని అధ్యయనాలూ ఉన్నాయి. పెద్ద బొబ్బలు, లోతుగా కాలినవి, ముఖం మీదవి అయితే ఆస్పత్రికి రండి. పచ్చటి జిగురు పూసుకుని వస్తే దాన్ని కడగడానికే మాకు సగం టైం పోతుంది, మీకు నొప్పితో ప్రాణం విలవిల్లాడుతుంది.

గాయం అనగానే కలబంద అనుకోవద్దు. 1991లో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో సిజేరియన్, కడుపు ఆపరేషన్ల తర్వాత కుట్లు విచ్చుకున్న 21 మంది ఆడవాళ్ళను చూశారు. మామూలు డ్రెస్సింగ్ చేసినవాళ్ళకు సగటున 53 రోజుల్లో మానితే, కలబంద జెల్ వేసినవాళ్ళకు 83 రోజులు పట్టింది. చిన్నదే, కానీ లోతైన గాయంలో దీన్ని కుక్కాలనుకునేవాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం.

ఇంట్లో కుక్కా పిల్లీ ఉంటే ఆకులు అందకుండా పెట్టండి, వాటికి వాంతులు పట్టుకుంటాయి. ఆ రకంగా గుమ్మం పైన కట్టడం మంచి పద్ధతే!

కుండీలరాయుడు

కిటికీ తెరిచాను మాస్టారూ. దోమలు వచ్చాయి.

నీలవేణి

మాస్టారికి, రాత్రి డ్యూటీ గారికి చాలా థాంక్స్. సమాధుల ముక్క అత్తయ్యకు చదివి వినిపించాను. "నేను చెప్పలా" అన్నారు, ఆవిడ ఏం చెప్పారో ఆవిడకే తెలియాలి. ఆడపడుచు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోదు. "సొన తీసేసి తాగుతాను, అప్పుడేమంటారు" అంటోంది. ఎలా తీయాలి?

ఇంకో అనుమానం. తను కోస్తున్న మొక్క నిజంగా కలబందేనా అని. ఆకులు బారుగా, గట్టిగా, చివర సూదిలా ఉన్నాయి. మాదాని ఆకుల మీద ఏమో తెల్లచుక్కలున్నాయి. ఇప్పుడు పూలు అయిపోయాక మాదాన్ని దింపి కుండీలో పెట్టాలనుకుంటున్నాను, బతుకుతుందా?

పిలకల మాస్టారు

ఆవిడ మొక్క సంగతి ముందు. ఒక ఆకు విరిచి చూడమనండి. గుజ్జు జారితే కలబంద. విరగనంటూ లోపల దారాల్లాంటి నార బయటపడితే అది కిత్తనార. అమెరికా ఖండం నుంచి వచ్చిన వేరే కుటుంబం, తాళ్ళు పేనడానికి పనికొస్తుంది. దాని పసరు తగిలితే చాలామందికి చర్మం దద్దురెక్కుతుంది, తాగడం మాట దేవుడెరుగు. చివర సూది అన్నారు కాబట్టి నా అనుమానం దాని మీదే. కానీ ఇన్నాళ్ళు మిక్సీలో మెదిగిందంటే కలబంద కూడా కావచ్చు, విరిచి చూస్తేనే తేలుతుంది. ఇంకో గుర్తు: కిత్తనార ఎన్నో ఏళ్ళకు ఒక్కసారి పూసి చచ్చిపోతుంది, కలబంద ఏటా పూయగలదు. మీ మొక్కవి పసుపు పూలు, అవి కలబందకు ఉండేవే. ఇక చుక్కలు. పిలకలకు చుక్కలుంటాయి, ముదిరేకొద్దీ మాసిపోతాయి. కొన్ని రకాలకు పెద్దయ్యాక కూడా ఉంటాయి, పూసింది కాబట్టి మీది అలాంటిదే కావచ్చు.

సొన తీయడానికి ఆకును మొదలు దగ్గర కోసి, కోత కిందికి ఉండేలా గిన్నెలో నిలబెట్టాలి. అరగంటకు పసుపు నీరు దిగుతుంది. తర్వాత తొక్కను మందంగా, దాని కిందున్న పసుపు పొర కూడా పోయేలా చెక్కి, గుజ్జు ముక్కల్ని రెండు మూడు నీళ్ళలో కడగాలి. నాలుక మీద పెట్టుకుంటే ఏ రుచీ ఉండకూడదు. చేదు తగిలిందంటే సొన ఉన్నట్టే. ఇంత చేసినా ఇంట్లో పూర్తిగా పోయిందని నేను హామీ ఇవ్వను. చర్మానికి రాసుకోవడానికి కూడా ఇలాగే తీసుకోండి, సొన కొందరికి దురద పుట్టిస్తుంది. మొదటిసారి మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి.

మీ మొక్క తప్పకుండా బతుకుతుంది. దింపాక ఎండిన వేళ్ళు, ముడతలు పడ్డ ఆకులు కత్తిరించి, కోసిన చోట తడారేదాకా నీడలో వదిలేయండి. అడుగున చిల్లున్న కుండీ, సగానికి సగం ఇసుక కలిపిన మట్టి. నాటిన వెంటనే నీళ్ళు పోయకండి, ఓ వారం ఆగి పోయండి. ఆ తర్వాత కూడా మట్టి పూర్తిగా ఎండాకే. ఎండలోకి కొంచెం కొంచెంగా జరపండి. ఒక్కసారిగా పెడితే ఆకులు ఎర్రబారతాయి. ఎర్రబారితే కంగారుపడి నీళ్ళు గుమ్మరించొద్దు, కలబందలు ఎక్కువగా చచ్చేది అలాగే.

రాయుడు గారూ, దోమతెర కట్టండి.